కూఫా బజారులో ఇమామె ఆజమ్

ఇమామ్ అబూ హనీఫా (రహ్మ) పేరు వినని ముస్లిం కుటుంబం తెలుగునాట అరుదు. నమాజులో చేతులు ఎక్కడ కట్టుకోవాలి, విత్ర్ ఎన్ని రకాతులు, అసర్ వేళ ఎప్పుడు ప్రవేశిస్తుంది వంటివి మనలో ఎక్కువమంది నేర్చుకున్నది ఆయన మస్లక్ ప్రకారమే. పండితులు ఆయన్ను ఇమామె ఆజమ్ అని గౌరవంగా పిలుస్తారు. ఆయన ఎంతటి ధర్మవేత్తో వివరించే గ్రంథాలు అరబీలోనూ ఉర్దూలోనూ కోకొల్లలు. అయితే ఆయన బట్టల వ్యాపారి అనీ, కూఫా నగరపు బజారులో ఆయనకు పేరున్న దుకాణం ఉండేదనీ చెబితే ఇప్పటికీ ఆశ్చర్యపోయేవాళ్లున్నారు. ఈ వారం ఆయన జీవితాన్ని ఆ దుకాణం వైపు నుంచి చెప్పుకుందాం.

దీనికో కారణం ఉంది. వ్యాపారాలు చేసుకునే సోదరులు మాతో తరచూ ఒక సంగతి అంటుంటారు. పోటీ ఇంతగా పెరిగిపోయాక నిజం చెప్పి నెగ్గుకురావడం కష్టమని, పక్క దుకాణంవాడు రెండు రూపాయలు తగ్గిస్తే తాము మూడు తగ్గించాల్సి వస్తోందని, తగ్గించిన ఆ మూడు రూపాయలను తూకంలోనో నాణ్యతలోనో రాబట్టుకోక తప్పడం లేదని. అది సాకు మాత్రమే కాదు, వాళ్ల బాధ కూడా. ఒకే గోడకు అటూ ఇటూ దుకాణాలు పెట్టుకున్న తోడల్లుళ్లు పండుగనాడు ఈద్‌గాహ్‌లో సైతం ఒకరి ముఖం ఒకరు చూసుకోకుండా చెరో దారిన వెళ్లిపోవడం మనకు కొత్త కాదు. నమాజులో నిలబడితే మనసు గల్లాపెట్టె దగ్గరే ఉంటోందని ఒప్పుకునేవాళ్లూ ఉన్నారు. దుకాణం మూసేసి మసీదులో కూర్చోండని వీళ్లకు చెప్పడం తేలిక. ఇమామ్ గారు మాత్రం దుకాణం మూయలేదు.

కూఫా నగరం హిజ్రీ 17లో (క్రీ.శ. 638) హజ్రత్ ఉమర్ (రజి) ఖిలాఫత్ కాలంలో, హజ్రత్ సాద్ బిన్ అబీ వఖ్ఖాస్ (రజి) చేతుల మీదుగా ఫురాత్ నది దగ్గర వెలిసింది. మొదట అది సైనికుల విడిది. తర్వాత హజ్రత్ అలీ (రజి) దాన్ని తన రాజధానిగా చేసుకున్నారు. తొలినాళ్లలో అక్కడి బజారులో ఎవరికీ సొంత చోటంటూ ఉండేది కాదని గ్రంథాల్లో ఉంది. మసీదులో మాదిరిగానే ముందు వచ్చి కూర్చున్నవాడిదే ఆ రోజుకు ఆ చోటు, మర్నాడు మళ్లీ ఎవరు ముందొస్తే వారిది. ఇమామ్ గారు పుట్టేనాటికి ఆ రోజులు పోయాయి. అరబ్బు తెగలు, పారశీకులు, దూరదేశాల నుంచి వచ్చి స్థిరపడినవారు అందరూ కలిసిన మహానగరంగా కూఫా మారింది. ఒంటెల బిడారుల మీద సరుకు వచ్చి పడేది. పోటీ కూడా దాంతోపాటే వచ్చింది.

ఇమామ్ గారి అసలు పేరు నూమాన్. తండ్రి పేరు సాబిత్, తాత పేరు జూతా. వాళ్ల పూర్వికులది కాబుల్ ప్రాంతమని ఎక్కువమంది చరిత్రకారులు రాశారు. హిజ్రీ 80లో (క్రీ.శ. 699) కూఫాలో జన్మించారు. ఇంటి వ్యాపారం ఖజ్. పట్టునూ ఉన్నినీ కలిపి నేసే మేలిరకం బట్టను ఖజ్ అనేవారు. సంపన్నులకు దానిమీద మోజు. ఇలాంటి ఖరీదైన సరుకులో అసలేదో నకిలీ ఏదో, ఏ థాను ఎంత విలువ చేస్తుందో మామూలు మనిషి చూపుకు అందదు. అమ్మేవాడికి తెలిసింది కొనేవాడికి తెలియదు. వ్యాపారి మనసుకు అసలు పరీక్ష ఇక్కడే మొదలవుతుంది.

యువకుడైన నూమాన్‌కు మొదట బజారే లోకం. ఒకనాడు దారిలో వెళుతుంటే ఆ కాలపు మహా పండితుడు ఇమామ్ షాబీ (రహ్మ) పిలిచి ఎక్కడికి వెళుతున్నావని అడిగారు. ఆయన తాను వెళ్లే వ్యాపారి పేరు చెప్పారు. తాను అడిగింది బజారు గురించి కాదని, ఏ పండితుడి దగ్గరికి వెళ్తావో చెప్పమని షాబీ సరిదిద్దారు. ఎవరి దగ్గరికీ పెద్దగా వెళ్లనని నూమాన్ చెబితే, ఆ కుర్రవాడిలోని చురుకుదనం గమనించిన పెద్దాయన విద్యను వదలవద్దని హితవు చెప్పారు. ఆ మాట నూమాన్ మనసులో నాటుకుంది. మొదట వాదవిద్య వైపు వెళ్లి, ఆ వాదాల కోసం ఎన్నోసార్లు బస్రా ప్రయాణం చేశారు. తర్వాత ఫిఖ్‌హ్ వైపు మళ్లి హమ్మాద్ బిన్ అబీ సులైమాన్ (రహ్మ) దగ్గర 18 ఏళ్లు శిష్యరికం చేశారు. హిజ్రీ 120లో (క్రీ.శ. 738) గురువు కన్నుమూశాక ఆ ఆసనం మీద శిష్యుణ్ణే కూర్చోబెట్టారు. అప్పటికి ఆయన వయసు 40. ఇన్నేళ్లూ దుకాణం నడుస్తూనే ఉంది. అమ్ర్ బిన్ హురైస్ ఇంటి వద్ద ఆయన దుకాణం ఉండేదని చిరునామాతో సహా గ్రంథాల్లో రాసి ఉంది. భాగస్వాములూ పనివాళ్లూ సరుకును ఊళ్లకు తీసుకెళ్లి అమ్మేవారు.

ఆ భాగస్వాముల్లో ఒకరు హఫ్స్ బిన్ అబ్దుర్రహ్మాన్. ఒకసారి ఇమామ్ గారు ఆయనకు సరుకు పంపుతూ, అందులో ఫలానా బట్టలో లోపం ఉందని, కొనేవాడికి ఆ సంగతి చెప్పి మరీ అమ్మమని కబురు చేశారు. హఫ్స్ సరుకంతా అమ్మేశారు. లోపం సంగతి చెప్పడం మరిచిపోయారు. ఎవరికి అమ్మారో కూడా గుర్తులేదు. ఇందులో ఎవరి దురుద్దేశమూ లేదు. మతిమరుపు మనిషికి సహజం. కానీ ఒక అపరిచితుడి హక్కు వీళ్ల డబ్బులో కలిసిపోయింది. అతణ్ణి వెతికి పట్టుకునే దారి లేదు, ఏ రూపాయి అతనిదో విడదీసే దారీ లేదు. ఇమామ్ గారు ఆ సరుకు మీద వచ్చిన మొత్తం సొమ్మును దానం చేసేశారు. లోపం ఉన్న ఒక్క బట్ట ధర ఇచ్చి ఊరుకున్నా తప్పుపట్టేవారెవరూ ఉండరు. మదర్సాలో ఈ సంఘటన విన్నప్పుడు మేమంతా ఆ దానం పెద్దదని మాత్రమే అనుకునేవాళ్లం. తర్వాత తర్వాత మాకు అర్థమైంది ఏమిటంటే, ఆయన లెక్కలో పేరు తెలియని ఆ గిరాకీ కూడా ఒక మనిషేనని.

ఇంకో సంఘటన అమ్మకం గురించి కాదు, కొనుగోలు గురించి. ఒక స్త్రీ పట్టువస్త్రం పట్టుకొచ్చి అమ్ముతానంది. ఎంతకని అడిగితే 100 దిర్హములు అంది. అది అంతకంటే ఎక్కువే చేస్తుందన్నారు ఇమామ్ గారు. ఆమె ఇంకో వంద పెంచింది. అదీ చాలదన్నారు. అలా వందకు వంద పెంచుకుంటూ 400 దాకా వెళ్లింది. అప్పటికీ ఎక్కువే చేస్తుందంటే ఆమెకు తనతో పరిహాసం ఆడుతున్నారనిపించింది. అప్పుడాయన ధర తెలిసిన మనిషి నెవరినైనా పిలుచుకురమ్మన్నారు. ఆ మనిషి వచ్చి చూశాక దాన్ని 500 దిర్హములకు కొన్నారు.

బేరం అంటే ఏమిటో తెలిసిన మన ఆడపడుచులకు ఈ కథ మొదట నవ్వు పుట్టిస్తుంది. కొనేవాడే ధర పెంచడం ఎక్కడైనా ఉందా అనిపిస్తుంది. కానీ ఆమె వైపు నుంచి చూడండి. ఇంట్లో ఏదో అవసరం పడితేగానీ ఒంటిమీది పట్టు తీసి బజారుకు తెచ్చేవాళ్లు ఉండరు. ఆమె అజ్ఞానం 400 దిర్హముల విలువ చేస్తుంది, అది ఇమామ్ గారి చేతికి ఊరికే వచ్చిపడింది. తీసుకుంటే లోకరీతిలో అది దొంగతనం కాదు, వ్యాపార దక్షత. పైగా ఆమె అడిగిన ధరే ఇచ్చినట్లు. ఆయన తీసుకోలేదు.

మరోసారి ఒక వృద్ధురాలు వచ్చి తాను బలహీనురాలినని, కొన్న ధరకే ఒక బట్ట ఇమ్మని వేడుకుంది. ఆయన 4 దిర్హములు ఇచ్చి తీసుకెళ్లమన్నారు. ముసలిదాన్ని ఎగతాళి చేయొద్దని ఆమె నొచ్చుకుంది. అసలు సంగతి ఏమిటంటే, అలాంటి బట్టలు రెండు కొన్నారు. ఒకదాన్ని అమ్మితే రెండింటి పెట్టుబడిలో 4 దిర్హములు మినహా అంతా వచ్చేసింది. రెండోదాని మీద ఇక ఆయనకు రావలసింది ఆ నాలుగే. లెక్క చూపి ఇచ్చి పంపారు. దానం చేస్తున్నానని చెప్పలేదు, ఆమెను బిచ్చగత్తెను చేయలేదు.

ఆ రోజుల్లోనే బస్రాలో యూనుస్ బిన్ ఉబైద్ (రహ్మ) అనే పుణ్యపురుషుడు ఉండేవారు. ఆయనదీ ఖజ్ వ్యాపారమే. హిజ్రీ 139లో మరణించారు. ఆయన దుకాణంలో కొన్ని బట్టలు 400 దిర్హములవి, కొన్ని 200వి. ఆయన నమాజుకు వెళ్లిన సమయంలో అన్న కొడుకు 200 దిర్హముల బట్టను ఒక పల్లెవాసికి 400కు అమ్మేశాడు. దారిలో ఆ మనిషి చేతిలోని బట్ట చూసి యూనుస్ గుర్తుపట్టారు. తమ ఊళ్లో ఇది 500 చేస్తుందని, తనకు సంతృప్తేనని అతను అంటున్నా వినకుండా వెనక్కు తీసుకొచ్చి 200 తిరిగి ఇచ్చేశారు. అన్న కొడుకును గట్టిగా మందలించారు. ఇంకోరోజు పనివాడు గిరాకీ ముందు ఖజ్ పరుస్తూ స్వర్గం ప్రసాదించమని అల్లాహ్‌ను వేడుకున్నాడట. ఆ దుఆ సరుకును పొగిడినట్లు అవుతుందేమోనని యూనుస్ ఆ బట్ట మడత పెట్టించేసి, ఆ రోజు దాన్ని అమ్మలేదు. ఇమామ్ గజాలీ (రహ్మ) తన ఇహ్యా గ్రంథంలో ఇలాంటివి చాలా పొందుపరిచారు. ఇప్పుడు వ్యాపార ప్రకటనల్లో దైవనామాలూ మస్జిదుల బొమ్మలూ వాడుకునే తీరు చూస్తే ఆయన ఏమనేవారో!

దుకాణంలో పగలు గడిపిన మనిషి రాత్రి ఎలా ఉండేవారో కూడా చెప్పాలి. 40 ఏళ్లపాటు ఇషా వుజూతోనే ఫజ్ర్ నమాజు చేశారన్న మాట జనంలో బాగా ప్రచారంలో ఉంది. కొందరు పండితులు దాన్ని ఒప్పుకోలేదు. మేమూ ఆ లెక్కల జోలికి పోము. మాకు అంతకంటే విలువైనదిగా కనిపించేది ఒక రాత్రి సంఘటన. ఇషా నమాజులో ఇమామ్ జిల్జాల్ సూరా పఠించారు. అణువంత మంచి చేసినా, అణువంత చెడు చేసినా ప్రళయదినాన మనిషి దాన్ని చూసుకుంటాడని హెచ్చరించే సూరా అది. జనం వెళ్లిపోయాక కూడా అబూ హనీఫా (రహ్మ) కదలకుండా ఆలోచనలో మునిగి ఉన్నారు. యజీద్ బిన్ కుమైత్ అనే సాధుపురుషుడు ఆయన ధ్యానం చెడగొట్టడం ఇష్టంలేక, కొద్దిపాటి నూనె మిగిలిన దీపాన్ని అక్కడే వదిలి వెళ్లిపోయారు. తెల్లవారి ఫజ్ర్‌కు వచ్చి చూస్తే ఆయన గడ్డం పట్టుకుని నిలబడి, ఆ అణువంత మంచీ చెడుల్నే తలచుకుంటూ అల్లాహ్‌ను శరణు వేడుతున్నారు. పగలంతా గజాలు కొలిచి, దిర్హములు లెక్కపెట్టి వచ్చిన మనిషి ఆయన. అణువంత అన్న మాట అలాంటి మనిషికి తగిలినట్లు ఇంకెవరికి తగులుతుంది?

బజారులో నేర్చుకున్నదాన్ని ఆయన చదువులోకి తెచ్చారు. మదర్సాలో ఖుదూరీ, హిదాయా చదివే పిల్లలకు కితాబుల్ బుయూ, అంటే క్రయవిక్రయాల ప్రకరణం ఎంత పెద్దదో తెలుసు. ముందుగా డబ్బిచ్చి తర్వాత సరుకు తీసుకునే ఒప్పందాన్ని సలమ్ అంటారు. ఇది చెల్లాలంటే సరుకు ఏ జాతిదో, అందులో ఏ రకమో, ఎలాంటి నాణ్యతో, ఎంత పరిమాణమో, గడువు ఎప్పటికో, ఇచ్చిన డబ్బు ఎంతో, మోసుకెళ్లాల్సిన సరుకైతే ఎక్కడ అప్పగించాలో ముందే స్పష్టం కావాలన్నారు. ఏడు షరతులు. చిన్నప్పుడు వీటిని కంఠస్థం చేయడం మాకు శిక్షలా ఉండేది. అన్నదమ్ములూ మామా అల్లుళ్లూ వ్యాపార తగాదాలతో పంచాయితీలకు ఎక్కడం చూస్తూ వచ్చాక, ఆ ఏడింటిలో ఏదో ఒకటి మొహమాటంతో వదిలేసిన చోటే మాటలు పెరుగుతున్నాయని గ్రహించాం. అలాగే మురాబహా. కొన్న ధర ఇంత, దానిమీద నా లాభం ఇంత అని చెప్పి అమ్మడం. చెప్పిన కొనుగోలు ధర అబద్ధమని తేలితే సరుకు వాపసు ఇచ్చే హక్కు కొన్నవాడికి ఉంటుందన్నారు. ఎక్కడ అబద్ధం దూరుతుందో దుకాణంలో కూర్చున్న మనిషికి తెలిసినంతగా గ్రంథాలయంలో కూర్చున్న మనిషికి తెలియదు.

పోటీనే ఇస్లామ్ నిషేధించిందని ఎవరైనా అనుకుంటే అది పొరపాటు. మదీనాలో దైవప్రవక్త (స) ముస్లిముల కోసం విడిగా ఒక బజారు ఏర్పాటు చేశారు. అయితే ఒక సోదరుడి బేరం కుదురుతుండగా మధ్యలో దూరి చెడగొట్టడాన్ని, కొనే ఉద్దేశం లేకుండా ధర పెంచడానికి దొంగపాట పాడటాన్ని, ఊళ్లోకి వచ్చే బిడారుకు పొలిమేరలోనే ఎదురెళ్లి బజారు ధర తెలియనివ్వకుండా సరుకు కొనేయడాన్ని నిషేధించారు. ఇమామ్ గారు బోధించినదీ, దుకాణంలో పాటించినదీ ఇదే.

బట్టల వ్యాపారంలో అరువు తప్పదు. అరువు ఉన్నచోట బాకీలు ఉంటాయి. షఖీఖ్ బల్ఖీ (రహ్మ) చెప్పిన సంఘటన ఇది. ఒకరోజు ఆయన ఇమామ్ గారితో కలిసి నడుస్తున్నారు. ఎదురుగా వస్తున్న ఒక మనిషి దూరం నుంచే ఇమామ్ గారిని చూసి చప్పున పక్క దారిలోకి తప్పుకున్నాడు. ఇమామ్ గారు అతణ్ణి పేరుపెట్టి పిలిచారు. అతను సిగ్గుతో తల దించుకుని వచ్చి నిలబడ్డాడు. ఎందుకు దారి మళ్లావని అడిగితే, తమకు 10,000 దిర్హములు బాకీ ఉన్నానని, చాలాకాలమైనా తీర్చలేకపోయానని, ముఖం చూపించలేక తప్పుకున్నానని చెప్పాడు. ఇమామ్ గారికి బాధ కలిగింది. తన మూలంగా ఒక మనిషి వీధిలో నడిచే స్థితి కూడా పోగొట్టుకున్నాడని తెలిసి ఆ బాకీ మొత్తం అక్కడికక్కడే మాఫీ చేశారు. అంతటితో ఆగలేదు. తనను చూసినప్పుడు అతని గుండెలో కలిగిన భయానికి తనను క్షమించమని అడిగారు.

అప్పు ఇచ్చినవాడు అప్పు తీసుకున్నవాణ్ణి క్షమాపణ అడగడం! బాకీ వదిలేసేవాళ్లు మనలోనూ కొందరు ఉన్నారు, అల్లాహ్ వారికి మేలు చేయుగాక. కానీ వదిలేసిన తర్వాత పది మందిలో చెప్పుకోకుండా ఉండేవాళ్లు అందులో కొందరే. బాకీ ఉన్న చుట్టం శుభకార్యానికి రాకపోతే ఎందుకు రాలేదో తెలిసీ తెలియనట్లు నిష్ఠూరమాడేవాళ్లే ఎక్కువ. బాకీ పడ్డ మనిషి ముందుగా పోగొట్టుకునేది మసీదులో తన వరసని. అప్పిచ్చినవాడు ఏ వరసలో నిలబడతాడో చూసుకుని వెనక ఎక్కడో నిలబడి, సలాము తిప్పగానే చెప్పులు వెతుక్కుంటాడు. షఖీఖ్ చెప్పిన ఆ వీధి సంఘటనలో ఇమామ్ గారి చూపు పడింది సరిగ్గా అక్కడే.

బాకీదారు ఇంటి గోడ నీడన కూడా ఆయన నిలబడేవారు కాదని మరో కథనం ఉంది. అప్పు ఇచ్చినందుకు ప్రతిఫలంగా ఏ లాభం పొందినా అది వడ్డీ కిందికి వస్తుందేమోనన్న జాగ్రత్త అది. ఇంత పట్టింపు అందరికీ విధి కాదని ఉలమా వివరణ ఇచ్చారు. ఫత్వా వేరు, తఖ్వా వేరు.

ఇరుగుపొరుగుతో ఆయన తీరు గురించి చెప్పులు కుట్టే ఒక పొరుగువాడి కథ ప్రసిద్ధం. అతను పగలంతా పనిచేసుకుని, రాత్రి తాగి, తనను లోకం పోగొట్టుకుందనే అర్థం వచ్చే ఒక పద్యాన్ని గొంతెత్తి పాడేవాడు. ఇమామ్ గారి రాత్రి నమాజుకు రోజూ అదే తోడు. ఒక రాత్రి పాట వినిపించలేదు. విచారిస్తే కొత్వాలు మనుషులు పట్టుకెళ్లారని తెలిసింది. తెల్లవారగానే స్వయంగా అధికారి దగ్గరికి వెళ్లి విడిపించి తెచ్చారు. లోకం నిన్ను పోగొట్టుకుంది అంటున్నావే, మేం పోగొట్టుకున్నామా చెప్పు అని దారిలో మెల్లగా అడిగారు. అతను తాగుడు మానేసి ఆయన పాఠశాలలో వచ్చి కూర్చోవడం మొదలుపెట్టాడట. నగరంలోని పెద్ద వ్యాపారి, పెద్ద పండితుడు అయిన మనిషికి ఒక చెప్పులు కుట్టేవాడి గొంతు వినిపించడం లేదన్న సంగతి గుర్తుండటమే మాకు విశేషంగా తోస్తుంది.

లాభం ఏమయ్యేదో చూద్దాం. ఏడాది పొడవునా వచ్చిన లాభాలు కూడబెట్టి, దానితో ముహద్దిసులకూ పండితులకూ అవసరమైన తిండి, బట్ట కొనిచ్చేవారు. మిగిలిన డబ్బు కూడా వాళ్లకే పంచి, తనను కాకుండా అల్లాహ్‌నే స్తుతించమనేవారు. అది తన సొమ్ము కాదని, వాళ్ల కోసం అల్లాహ్ తన చేతి మీదుగా ఇప్పిస్తున్నాడని ఆయన భావన. అలాగని పేదరికాన్ని వేషంగా వేసుకోలేదు. మంచి బట్టలు కట్టేవారు, సుగంధం పూసుకునేవారు. సభకు వచ్చే ఒక మనిషి చిరిగిన బట్టల్లో కనిపిస్తే, అందరూ వెళ్లాక ఆగమని చెప్పి 1000 దిర్హములు చేతిలో పెట్టబోయారు. తనకు కలిమి ఉందని, డబ్బు అక్కర్లేదని అతనన్నాడు. అలాగైతే మిత్రుడు చూసి దిగులుపడకుండా ఉండేటట్లు బట్ట కట్టుకోవాలని సున్నితంగా మందలించారు.

శిష్యుల్లో యాఖూబ్ అనే పేద కుర్రవాడు ఉండేవాడు. చదువు మానిపించి పనిలో పెట్టాలని ఇంటివాళ్ల పట్టు. పట్టుబట్టింది తండ్రి అని కొందరు, తల్లి అని కొందరు రాశారు. కొన్నాళ్లు యాఖూబ్ రాలేదు. సంగతి తెలుసుకున్న ఇమామ్ గారు 100 దిర్హముల సంచి ఇచ్చి, అయిపోయాక చెప్పమన్నారు. చెప్పే అవసరం ఎప్పుడూ రాలేదట, అయిపోయే వేళకు ఇంకోటి వచ్చేది. ఆ యాఖూబే తర్వాతి కాలంలో ఇమామ్ అబూ యూసుఫ్ (రహ్మ). హారూన్ రషీద్ ఏలుబడిలో ఖాజీలందరికీ పెద్ద అయ్యారు, ప్రభుత్వ ఆదాయం గురించి కితాబుల్ ఖరాజ్ రాశారు. ఖజ్ థానుల మీద వచ్చిన లాభం అలా హనఫీ ఫిఖ్‌హ్‌గా మారింది.

పోటీ డబ్బుకే పరిమితం కాదు, పేరు కోసం కూడా ఉంటుంది. పండితుల మధ్య అది ఇంకా తీవ్రం, మా వర్గం గురించి మేమే చెప్పుకోవాలి మరి. కూఫా ఖాజీ ఇబ్న్ అబీ లైలాకూ ఇమామ్ గారికీ పడేది కాదు. ఖాజీ ఇచ్చిన తీర్పుల్లో పొరపాట్లను ఇమామ్ గారు నిర్మొహమాటంగా చెప్పేవారు. ఖాజీ అధికారికి ఫిర్యాదు చేస్తే, కొన్నాళ్లు ఫత్వాలు ఇవ్వరాదని ఇమామ్ గారి మీద నిషేధం వచ్చింది. ఆ రోజుల్లో కూతురు ఉపవాసం గురించి ఇంట్లో ఒక సందేహం అడిగితే, తనకు నిషేధం ఉందని, అన్న హమ్మాద్‌ను అడగమని చెప్పారు. గోడల మధ్య ఎవరికి తెలుస్తుంది అనుకోలేదు. ఈ ఇద్దరి అభిప్రాయభేదాలను అబూ యూసుఫ్ తర్వాత ఒక గ్రంథంగా కూర్చారు. ఆయన ఇద్దరి దగ్గరా చదివినవారే. ఆ గ్రంథం శతాబ్దాల తర్వాత మన హైదరాబాదులోని లజ్నతు ఇహ్యాయిల్ మఆరిఫిన్ నూమానియా సంస్థ ద్వారా, మౌలానా అబుల్ వఫా అఫ్గానీ (రహ్మ) పరిష్కరణతో వెలుగు చూసింది. కూఫాలో మొదలైన తగాదా గౌరవప్రదమైన చర్చగా మన ఊరి నుంచి లోకానికి అందడం మనకు కొద్దిపాటి గర్వకారణమే.

తన చేతి సంపాదన తనకు ఉండటం వల్ల ఇమామ్ గారు పాలకుల ముందు చేయి చాపలేదు. ఉమయ్యాల చివరి రోజుల్లో ఇరాక్ పాలకుడు ఇబ్న్ హుబైరా ఆయన్ను ప్రభుత్వ పదవి తీసుకోమన్నాడు. ఒప్పుకోకపోతే కొరడాలతో కొట్టించాడు. హిజ్రీ 130లో ఇమామ్ గారు మక్కా చేరి, అబ్బాసీలు వచ్చి పరిస్థితి కుదుటపడేదాకా అక్కడే ఉన్నారు. తర్వాత ఖలీఫా మన్సూర్ పంపిన కానుకలూ తీసుకోలేదు. హిజ్రీ 145లో (క్రీ.శ. 762) మన్సూర్ బాగ్దాద్ నిర్మాణం మొదలుపెట్టాడు. ఖాజీ పదవి ఒప్పుకోవాల్సిందేనని ఒట్టు పెట్టుకుంటే, ఒప్పుకోనని ఇమామ్ గారూ ఒట్టు పెట్టుకున్నారు. ఖలీఫా ఒట్టు తీరడానికి చివరకు ఇటుకలు లెక్కపెట్టే పని అప్పగించినట్లు తబరీ రాశారు. ఒక్కొక్క ఇటుకా లెక్కపెట్టకుండా, ఒక కర్రతో దొంతరలను కొలిచి లెక్క తేల్చే పద్ధతి ఆయన తెచ్చారట. గజం కర్ర పట్టిన చేయి కదా.

అంతటితో వదలలేదు. పదవి నిరాకరించినందుకు మన్సూర్ ఆయన్ను చెరసాలలో పెట్టించాడు. హిజ్రీ 150లో (క్రీ.శ. 767) 70వ ఏట బాగ్దాద్‌లోనే ఆయన కన్నుమూశారు. విషప్రయోగం జరిగిందని కూడా కొందరు రాశారు. పాలకులు బలవంతంగా లాక్కున్న నేలలో తనను పూడ్చవద్దని, ఎవరి హక్కూ కలవని శుద్ధమైన నేలలో ఖననం చేయమని వసీయత్ చేసి వెళ్లారు. అలాగే ఖైజురాన్ స్మశానంలో ఖననం చేశారు. ఆ చుట్టుపక్కల ప్రాంతాన్ని నేటికీ ఆయన పేరుమీదే ఆజమియా అంటారు. జనం తండోపతండాలుగా రావడంతో జనాజా నమాజు ఆరుసార్లు చేయాల్సి వచ్చిందని కథనం. చివరిసారి ఇమామత్ చేసింది కొడుకు హమ్మాద్.